మామ శ్రుతి చేసేదాకా

మా పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది. ఆదివారాలు గిటారు వాయిస్తుంది. మొన్న ఆదివారం నీళ్ళ మోటారు సంగతి మాట్లాడదామని పైకి వెళ్ళాను. గిటారు ఒళ్ళో పెట్టుకుని, చక్కగా బిగువుగా ఉన్న తీగల్ని ఒక్కొక్కటే వదులు చేస్తోంది.

"పాడైందా అమ్మా?" అన్నాను.

"లేదండీ తాతగారూ. అందరూ పెట్టే శ్రుతి కాకుండా ఇంకోలా పెడుతున్నాను. ఇలా పెడితే ఒక్క వేలు అడ్డంగా ఆనిస్తే చాలు, తీగలన్నీ కలిసి పలుకుతాయి. ఫారిన్‌లో పెద్ద పెద్దవాళ్ళు ఇలా వాయిస్తారు."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

గిటారు మెడకి బట్టల క్లిప్పులాంటిది ఒకటి తగిలించి ఉంది. తీగ అనుకున్న చోటికి రాగానే అందులో పచ్చ లైటు వెలుగుతుంది. నిజంగానే రెండు నిమిషాల్లో అయిపోయింది. మోటారు సంగతి మర్చిపోయి కిందికి దిగి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. ఆ పిల్ల మీద కాదు. ఇదే పని అయ్యేదాకా ఎండలో, దూది దుమ్ములో, మిరపకాయల ఘాటులో నన్ను గంటలకి గంటలు కూర్చోబెట్టిన ఒక మనిషి మీద. ఆయన పొదిలిలో కూతురి ఇంట్లో పోయి యాభై ఏళ్ళయింది. నా మంట మాత్రం ఇంకా పోలేదు.

ఆయన దూదేకుల సాయిబు. గుంటూరు పట్నంబజారులో మా నాన్నకి పరుపుల కొట్టు ఉండేది. కొట్టు మాది, దూది ఏకే చెయ్యి ఆయనది. నేను పుట్టకముందు నుంచీ మాతో ఉన్న మనిషి కాబట్టి మామా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను చిన్నసెట్టీ అనేవాడు. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉండేవాడు. కనుబొమల్లో ఎప్పుడూ దూది. ఎవరైనా "సాయిబూ, అప్పుడే నెరిసిపోయావే" అంటే, కనుబొమ దులిపి, "ఇప్పుడు చూడు, పడుచోణ్ణి" అనేవాడు. ఆ హాస్యం ఏడాదికి రెండొందల సార్లు. నేను నవ్వడం మానేశాక కూడా మానలేదు.

ఆ గిటారు ఆయనకి మిషన్ ఆస్పత్రిలో పని చేసిన ఒక దొరసాని డాక్టరు ఇచ్చిపోయింది. ఆమెకి నడుం నొప్పి. ఈయన కుట్టిన పరుపు మీద మొదటిసారి హాయిగా నిద్రపోయిందట. సొంత ఊరు వెళ్ళిపోయేటప్పుడు, గోడ గడియారం కావాలా గిటారు కావాలా అని అడిగింది. ఈయన గిటారు తెచ్చుకున్నాడు.

"గడియారం తెచ్చుకోవాల్సింది కదా మామా" అన్నాను, విన్న వెంటనే.

"గడియారంతో నాకు పనేముంది? ఎంతసేపు, ఎంతసేపని అడగడానికి నువ్వున్నావుగా."

గిటారు తీగల్ని ఎలా బిగించాలో చర్చిలో వాయించే మాస్టరు ఒకాయన చూపించాడు. ఈయన రెండు రోజులు చూసి, కుదరదని చెప్పేశాడు. దూది ఏకేవాడి ఎడమ చెయ్యి రోజంతా మేకనరం బిగించిన పెద్ద విల్లుని పట్టుకునే ఉంటుంది. ఇరవై ఏళ్ళు పట్టి పట్టి ఆ వేళ్ళు కొక్కెంలా బిగిసిపోయాయి. విడివిడిగా చాపి తలా ఒక తీగ మీద పెట్టడం వాటివల్ల కాదు. అందుకని వేళ్ళని మార్చుకోలేక తీగల్ని మార్చుకున్నాడు. ఏమీ నొక్కకుండా మీటినా అన్నీ కలిసి పలికేటట్టు బిగించుకుని, పరుపులు కుట్టే పెద్ద సూది, దబ్బనం, అడ్డంగా పెట్టి తీగల మీద జరిపేవాడు. ఆ జారుడు పలుకు బాగానే ఉండేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. మెచ్చుకుంటే ఇంకో పాట మొదలుపెడతాడని భయం.

పోనీ ఆ బిగింపు ఒక్కటే ఉంచుకున్నాడా? అదీ లేదు. ఇంటికో శ్రుతి. బ్రాడీపేటలో వాయించిన పాటే అరండల్‌పేటలో ఇంకోలా ఉండేది. పొద్దున ఒకలా, ఎండెక్కాక ఒకలా. లెక్క చూడమని నాన్న నన్నూ వెంట పంపేవాడు. ఎక్కడికి పనికి వెళ్ళినా మామ ముందు విల్లుని దూలానికి వేలాడదీసేవాడు. కొయ్యతో దాని నరాన్ని రెండుసార్లు కొట్టేవాడు. బుంయ్ మనేది. అప్పుడు గిటారు తీసి, దానికీ దీనికీ సంధి కుదిర్చేవాడు. ఆరు తీగల్లో లావుపాటిది అసలు తీగ కానే కాదు, విల్లుకి కట్టే మేకనరమే. తెగిపోయిన తీగ దొరక్క కట్టాడని నేననుకున్నాను. తీగ బిగించే బిరడా అరచుట్టు ఇటు, పావుచుట్టు అటు. విల్లు మళ్ళీ బుంయ్. మళ్ళీ బిరడా.

"ఎంతసేపు మామా?"

"అయిపోవచ్చింది."

తెలుగుభాషలో ఇంత అబద్ధమైన మాట ఇంకోటి లేదు. కొట్టులో పుట్టినవాణ్ణి, ఊరికే ఉండలేక బేరానికి దిగేవాణ్ణి.

"ఆరు తీగలు దేనికి మామా? నాలుగు సరిచేసి రెండు వదిలెయ్."

"బేరాలు మీ కొట్లో చేసుకో."

"పోనీ అయిదు చెయ్."

"రెండు కాళ్ళూ దేనికని ఒకటి నరికించుకొస్తావా నువ్వు? కూకో."

గుడ్డలో చిరుగుంటే దాన్ని మడత లోపలికి పెట్టి చూపించడం నాకు పదేళ్ళ వయసుకే వచ్చు. ఈ ఒక్కసారి చిరుగు పైకే పెడుతున్నాను. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి మామకి చెవి పోతోంది. లావు గొంతులు వినిపించేవి, సన్నవి వినిపించేవి కావు. నాది మొద్దు గొంతు కాబట్టి ఎడమ చెవి పక్కన నిలబడితే వినేవాడు. మా అమ్మ పిలిస్తే పలికేవాడు కాదు, ఆవిడ పొగరనుకునేది. దూది ఏకేవాడికి చెవే కన్ను. దూదిలో ఉండలున్నంతసేపూ విల్లు నరం దబ్ దబ్ మని మూలుగుతుంది. దూది పూర్తిగా విచ్చుకుంటే నరానికి అడ్డు తగిలేది ఉండదు, మోత సన్నగా తేలిపోతుంది. ఆ తేడా వినిపించకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు.

ఒకరోజు కొట్టు వెనక గదిలో ఆయన గిటారు చెక్క అంచుని పళ్ళ మధ్య పట్టుకుని తీగ మీటుతూ కనిపించాడు. ఎముకలోంచి వింటున్నాడు. నన్ను చూసి నోరు తీశాడు.

"మీ నాయనకి చెప్పమాక" అన్నాడు.

నాన్న అప్పటికే ఒంగోలు వెళ్ళి దూది ఏకే మిషను చూసి వచ్చాడు. మిషనుకి తిండి అక్కర్లేదు, అలక రాదు, గిటారు అంతకన్నా రాదు. మామ మీద అభిమానం కొద్దీ ఆగాడు గానీ, ఒక్క పరుపులో ఉండలున్నాయని ఫిర్యాదు వస్తే చాలు. నలభై అయిదేళ్ళ మనిషి, వేరే పని రాదు. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ అప్పటి నుంచి నాకు ఇంకా చిరాకు పెరిగింది. చెవి పోతున్నవాడికి ఈ గిటారు వ్యాపకం ఏమిటి? విల్లు మోతే సరిగ్గా వినపడనివాడు ఇంకో ఆరు మోతలు ఎత్తుకోవడం ఏమిటి?

అదే ఏడాది మాఘమాసంలో ప్రత్తిపాడు నుంచి కబురొచ్చింది. పెద్ద రైతు ఇల్లు, మనవడి పెళ్ళి, కొత్త పరుపులు కావాలి. పల్లెటూరి రైతులు మా కొట్టుని నమ్మి పత్తి పంపేవారు కాదు. వాళ్ళ చేలో పండిన పత్తిని వాళ్ళ వాకిట్లోనే, వాళ్ళ కళ్ళముందే ఏకాలి. లేకపోతే మంచి దూది మేం ఉంచేసుకుని నాసిరకం కుక్కుతామని వాళ్ళ అనుమానం. అనుమానం తప్పని నేను ప్రమాణం చేయను. కాబట్టి మనిషి వెళ్ళాలి, పనిముట్లతో. ఆ ఇంటి పెద్దామె విల్లు మోత విని దూది ఎంతవరకూ విచ్చిందో చెప్పేస్తుందని మూడు ఊళ్ళలో పేరు. మామని ఒక్కణ్ణీ పంపితే దొరికిపోతాడు. నేనూ బయల్దేరాను.

బస్సులో ఒక పన్నాగం చెప్పాను. నేను ఎదురుగా కూర్చుంటాను. దూది విచ్చి మోత తేలగానే తువ్వాలుతో మొహం తుడుచుకుంటాను. అది చూసి ఆ కుప్ప పక్కకి నెట్టి ఇంకో కుప్ప అందుకోవాలి.

"అవసరం లేదు" అన్నాడు.

"ఉంది."

"సరే, నీ సరదా."

వాకిట్లో సగం పత్తి, సగం మిరపకాయలు. పెద్దామె నులకమంచం మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. బక్కపలచని మనిషి, పిచ్చుక గొంతు. మామకి ఆ గొంతు ఒక్క ముక్క వినపడదని మొదటి మాటకే అర్థమైంది. ఆమె అడిగే ప్రతి ప్రశ్నకీ నేనే జవాబు చెబుతూ వచ్చాను.

"సాయిబు మాట్లాడడేందయ్యా?"

"పనిమంతుడమ్మా. మాటలు తక్కువ."

మామ విల్లు వేలాడదీశాడు. గిటారు తీశాడు. బిరడా తిప్పడం మొదలుపెట్టాడు. పావుగంటయింది. అరగంటయింది. ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి పోతున్నారు.

"పెళ్ళి పొరపాటున ఈ ఏడే పెట్టుకున్నాం" అంది పెద్దామె.

చివరికి గిటారుని తన ఎడమ మోకాలికి ఆనించుకుని, దాని వీపు కాలి ఎముకకి తగిలేటట్టు నిలబెట్టుకుని పని మొదలెట్టాడు. చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని పొలం పని చేసే ఆడమనిషిలా, ఆ గిటారు లేకుండా ఉండలేడేమిటి ఈయన అనుకున్నాను. అయితే మధ్యాహ్నం దాకా ఏకిన దూదిలో వంక లేదు. పెద్దామె పిడికెడు తీసి ఊదింది, దూది పైకి లేచి గాల్లో ఆగింది. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మెప్పని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. అదంతా నా తువ్వాలు గొప్పతనమని నేను మురిసిపోయాను.

అన్నం తిని మామ నమాజుకి వెళ్ళాడు. ఎండ మలిగింది, గాలి మారింది. ఈయన తిరిగి వచ్చి మళ్ళీ విల్లు బుంయ్ మనిపించి మళ్ళీ ఒక గంట బిరడాలు తిప్పుతాడని నాకు తెలుసు. చివరి బస్సు పోతుందని కూడా తెలుసు. పైగా పెద్దామె, "పనికాడ ఆ పాటల పెట్టె ఏందయ్యా, కారం దుమ్ము పడతంది" అంది. ఇంకేం, సాకు దొరికింది. కొట్టులో సరుకు సర్దినట్టే, గిటారుని పరుపుగుడ్డలో శుభ్రంగా చుట్టి, లోపలి గదిలో అటక మీద పెట్టించాను.

మామ వచ్చాడు. చూశాడు.

"గిటారేది?"

"దుమ్ము పడుతోందని లోపల పెట్టించా. ముందు పని కానీ మామా."

నావైపు ఒక్క క్షణం చూశాడు. పెద్దామె వైపు చూశాడు. ఏదో అనబోయి, ఆమె ముందు అనలేక, విల్లు అందుకున్నాడు. ఆ చూపు ఏమిటో నాకప్పుడు తెలియలేదు. అలిగాడనుకున్నాను. అలిగితే అలిగాడు, పని తెములుతుంది.

నేను ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నపు గాలి మిరపకాయల మీదుగా సరిగ్గా నా ముక్కులోకి వీస్తోంది. తుమ్మాను. మొహం తుడుచుకున్నాను. మామ సగం ఏకిన కుప్పని పక్కకి నెట్టి ఇంకోటి అందుకున్నాడు. అయ్యో, ఇంకా కాలేదని తల ఊపాను. ఊపుతూ మళ్ళీ తుమ్మాను. కళ్ళ వెంట నీళ్ళు. తుడుచుకున్నాను. ఇంకో కుప్ప పోయింది. తువ్వాలు మడిచి పక్కన పడేస్తే ముక్కు ఆగదు, తీస్తే కుప్ప ఆగదు. పది నిమిషాల్లో నాలుగు కుప్పలు ఉండలు ఉండలుగా గోడ పక్కకి చేరాయి.

"ఆపు!" అంది పెద్దామె.

విల్లు ఆగలేదు.

"ఓ సాయిబూ! ఆపమంటన్నా!"

మామ తల వంచుకుని కొడుతూనే ఉన్నాడు. ఆమె మంచం దిగి వచ్చి, ఊగుతున్న విల్లుని చేత్తో పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. ఆమె చేతిలో గట్టి ఉండ.

"ఇనపడదా నీకు?"

నేను లేచాను. నా నోటికి అలవాటైన పని అది చేసుకుపోయింది. "అబ్బే, అదేం లేదమ్మా, పనిలో పడితే అంతే. ఈ పత్తే కాస్త చెమ్మ మీద ఉన్నట్టుంది. పైగా గాలి..."

"ఊరుకో చిన్నసెట్టీ" అన్నాడు మామ. ఆమె వైపు తిరిగాడు. "ఇనపడదమ్మా. సన్నటి మోత ఇనపడదు. నాలుగేళ్ళాయె. ఆ గిటారు ఇప్పించు, పని చేసి చూపిస్తా. చెయ్యలేకపోతే నీ పత్తి నీకు ఒప్పజెప్పి పోతా."

"గిటారుకీ దూదికీ ఏంది సమ్మంధం?" ఆమె గట్టిగా, నెమ్మదిగా అడిగింది. ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"కూకోండి, చెప్తా."

అటక మీంచి గిటారు నేనే దించి తెచ్చాను. ఆయన గుడ్డ విప్పి, విల్లు నరం కొట్టి, చెక్క అంచు పళ్ళతో పట్టుకుని, మొదటి బిరడా మీద చెయ్యి వేశాడు. పెళ్ళివారిల్లు పని మానేసి చుట్టూ నిలబడింది. ఎంతసేపని అడగడానికి నోరు తెరిచాను. పెద్దామె నావైపు చూసింది. మూసుకున్నాను. ముప్పావుగంట, నా జన్మలో మొదటిసారి, నోరు మూసుకుని కూర్చున్నాను.

తర్వాత ఆయన గిటారుని మోకాలికి ఆనించుకుని, ఉండల కుప్పని మళ్ళీ ముందుకి లాక్కుని ఏకడం మొదలుపెట్టాడు. కాసేపు దబ్ దబ్. గిటారు ఊరుకుంది. దూది విచ్చుతూ వచ్చింది, విల్లు మోత తేలింది. అంతే, ఎవరూ ముట్టుకోకుండానే గిటారు మీది మేకనరం వణికింది. దాని వెనకే మిగతా తీగలు సన్నగా అందుకున్నాయి. మామ కొట్టడం ఆపి కుప్ప పక్కకి నెట్టాడు.

"దాని మోత దీనికి తెలుసమ్మా" అన్నాడు. "విల్లు ఏ మోతలో తేలుద్దో ఆ మోతకే ఇది బిగించి పెడతా. అది తేలితే ఇది పలుకుద్ది, నా కాలికి తెలుద్ది. నరం ఎండకి బిగుసుద్ది, చెమ్మకి జారుద్ది. అందుకని ఎక్కడికక్కడ, పూటకి పూట మార్చుకోవాల."

పెద్దామె వంగి గిటారు వీపు మీద అరచెయ్యి పెట్టింది. మామ ఇంకో కుప్ప ఏకాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది. చెక్క లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు అరచేతిలో జుమ్మంది.

"నా పత్తి నా ఎదట ఏకితే చాలు" అందామె, మళ్ళీ మంచమెక్కి తొడిమలు తీస్తూ. "చెవితో ఏకాడో, మోకాలితో ఏకాడో నాకెందుకు? ఒరేయ్ సెట్టీ, నీకు చెవులు రెండూ బానే ఉన్నయ్ గదా, ఏం లాభం?"

పొద్దు వాలేసరికి పని పూర్తయింది. ఊరి మొదట్లో ఉన్న అరుగు దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. నేను ఆయన ఎడమ చెవి వైపు జరిగాను.

"నాలుగేళ్ళుగా నన్ను కూచోబెట్టి తిప్పుతున్నావు. ఎందుకో ఒక్క ముక్క చెప్పొచ్చుగా మామా?"

"ఎంతసేపని అడిగావు. ఎందుకని అడిగావా ఎప్పుడన్నా?"

అడగలేదు.  ఆయన విల్లు అరుగుకి ఆనిస్తూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఇందాక అందరూ ఇన్నారు. కొట్లో చెప్తావా?"

చెప్పనని ఒక్క మాట అనేస్తే పోయేది. అనాల్సింది కూడా. కానీ కొట్టులో పెరిగిన ప్రాణం. అవతలివాడి అవసరం కనిపించగానే నాలుక దానంతటదే కదిలింది.

"చెప్పను. ఆ ఇంటివాళ్ళ నోరు కూడా నేను చూసుకుంటా. కానీ ఒక షరతు. ఇకనుంచి శ్రుతి పావుగంటలో అయిపోవాలి."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. గడ్డం గోక్కున్నాడు.

"పావుగంటలో కాదు. చెప్పుకో పో."

"మామా! మిషనొస్తే నీ గతేంటి?"

"సగం సగం శ్రుతితో ఏకితే ఉండలు మిగులుతయ్. అప్పుడెట్టాగూ మిషను తెస్తాడు మీ నాయన. ఆ తెచ్చేదేదో నా పని బాగున్నప్పుడే తెమ్మను."

అవతలివాడికి పోయేదేదో ఉంటేనే బేరం. ఈయన పోయేదాన్ని ముందే నా చేతిలో పెట్టి నిలబడ్డాడు. "అరగంట" అన్నాను.  "పోనీ ముప్పావు" అన్నాను. వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో ఇప్పటికీ తెలియదు. అరుగు మీద కూర్చుని గిటారు మీది గుడ్డ విప్పాడు. సాయంత్రం చల్లకి నరం జారి ఉంటుందట, ఎంత జారిందో చూడాలట. రేపు పొద్దున గుంటూరులో పనుందిగా.

చివరి బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి మా ముందు ఆగింది. మామ గిటారు అంచు పళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. "ఎక్కుతారా లేదా? ఇంకెంతసేపు?" అని కేకేశాడు కండక్టరు.

"మీరు వెళ్ళండి" అన్నాను.